అలెంబిక్ అంటే ఏమిటి? మందుల షాపు నుంచి యునానీ దవాఖానా దాకా ఒకే గ్రీకు మాట

గ్లైకోడిన్ దగ్గు మందు సీసా తిప్పి చూస్తే తయారుచేసిన కంపెనీ పేరు ‘అలెంబిక్’ అని కనిపిస్తుంది. పైథాన్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి డేటాబేస్ నిర్మాణాన్ని మార్చాల్సి వచ్చినప్పుడు వాడే టూల్ పేరు కూడా ‘అలెంబిక్’. సినిమా గ్రాఫిక్స్ చేసేవాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో దానికి బొమ్మల కదలికలు పంపే ఫైల్ రకానిదీ అదే పేరు. ఫోన్‌లో ఎమోజీలు వెతికితే వంగిన ముక్కున్న గాజుబుడ్డి ఒకటి దొరుకుతుంది. యూనికోడ్ పట్టికలో దాన్ని కూడా అలెంబిక్ అనే రాశారు.

ఇవన్నీ ఒకే సంస్థవేమో అన్న సందేహం చాలామందికి వస్తుంది. వీటి మధ్య వ్యాపార సంబంధం ఏదీ లేదు. అందరూ ఒకే పాత పరికరం పేరును అరువు తెచ్చుకున్నారు, అంతే.

క్లుప్తంగా

అలెంబిక్ అంటే ద్రవాన్ని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి, చుక్కలుగా పట్టే పాత్ర. మూలం గ్రీకులోని ‘ఆంబిక్స్’. మొదట అది ఒక రకం కప్పు పేరు. తర్వాత కుండ మీద బోర్లించే మూతకు, చివరికి మొత్తం పరికరానికి పేరైంది. అరబ్బీలో ‘అల్-అంబీఖ్’గా మారి, అక్కడి నుంచి రెండు దారులు పట్టింది. స్పెయిన్ మీదుగా యూరప్‌కు వెళ్లిన రూపానికి ‘అల్’ అతుక్కుపోయింది. పర్షియా, తుర్కీ, ఉర్దూ వైపు సాగిన రూపానికి ఆ ‘అల్’ లేదు. తెలుగు ఈ మాటను తీసుకోలేదు గానీ, హైదరాబాద్‌కు మాత్రం ఇది రెండు దారుల్లోనూ చేరింది.

మూత చెమర్చడం

అన్నం ఉడికే గిన్నె మీద మూత తీస్తే లోపలివైపు నిండా నీటిబొట్లు ఉంటాయి. ‘మూత చెమర్చింది’ అంటాం. మూతను కాస్త వంచితే ఆ బొట్లన్నీ ఒక అంచుకు చేరి గట్టు మీదికి కారిపోతాయి. స్వేదనంలో (డిస్టిలేషన్‌లో) జరిగేదంతా ఇంతే. వేడికి నీరు ఆవిరై పైకి లేస్తుంది, ఉప్పూ గంజీ కిందే ఉండిపోతాయి. చల్లటి మూత తగలగానే ఆవిరి మళ్లీ నీరవుతుంది. సముద్రపు నీరు ఆవిరై మళ్లీ నీరైతే ఉప్పదనం ఉండదని అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే రాశాడు.

చిక్కంతా ఆ బొట్లను పట్టుకోవడంలో ఉంది. మూతను అలాగే వదిలేస్తే అవి మళ్లీ గిన్నెలోకే రాలిపోతాయి. రోమన్ రచయిత ప్లినీ క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఒక మోటు ఉపాయం చెప్పాడు. కీలును (చెట్ల జిగురు నుంచి తీసే నల్లటి పదార్థం) మరిగించేటప్పుడు ఆ ఆవిరికి అడ్డంగా గొర్రె ఉన్ని పరుస్తారు. ఉన్ని తడిశాక పిండితే నూనె వస్తుంది. పని జరుగుతుంది కానీ, ప్రతిసారీ ఉన్ని మార్చాలి, పిండినా కొంత ఉన్నిలోనే ఉండిపోతుంది.

దీనికి నికరమైన పరిష్కారం మూత లోపలే దొరికింది. మూత అంచును లోపలివైపు మడిచి చుట్టూ సన్నని కాలువలా చేస్తే, గోడల మీదుగా జారిన బొట్లు అందులో చేరతాయి. ఆ కాలువకు ఒకచోట ముక్కు పెడితే చుక్కలు బయటికి వస్తాయి. పెంకుటింటి చూరు కింద తూము కట్టి వాననీటిని ఒక మూలకు మళ్లించడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ తూము మూత లోపల ఉంటుంది. స్వేదన యంత్రం చరిత్రలో అసలు మలుపు ఆ కాలువే అనవచ్చు. ‘ఆంబిక్స్’ అన్న పేరు అతుక్కున్నది కూడా సరిగ్గా ఆ మూతకే.

కప్పు పేరు మూతకు ఎలా వచ్చింది

గ్రీకులో ఆంబిక్స్ అంటే మొదట మూతి దగ్గర సన్నబడే ఒక రకం కప్పు. అలాంటి కప్పును తలకిందులు చేసి కుండ మీద పెడితే గుమ్మటం లాంటి మూత అవుతుంది. ఈ మార్పు జరుగుతున్న సమయంలోనే రాసిన సాక్ష్యం ఒకటి మిగిలింది. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో, ఇప్పటి తుర్కియేలో పుట్టిన గ్రీకు వైద్యుడు డయోస్కొరిడీస్, ఇంగిలీకం (పాదరసం ఉండే ఎర్రటి ఖనిజం) నుంచి పాదరసం తీసే పద్ధతిని వివరించాడు. ఇంగిలీకాన్ని ఇనుప గరిటెలో వేసి మట్టికుండలో పెట్టాలి. పైన ఆంబిక్స్ బోర్లించి, సందులు బంకమట్టితో మూసేయాలి. కింద బొగ్గులు రాజేయాలి. ఆంబిక్స్ లోపలివైపు మసిలా అంటుకున్న దాన్ని గీకి చల్లారనిస్తే పాదరసం అవుతుంది.

గీకి తీయాలి అన్నాడంటే అతని ఆంబిక్స్‌కు కాలువా లేదు, ముక్కూ లేదు. అది ఇంకా బోర్లించిన కప్పే. పేరు అప్పటికే మూతకు వచ్చేసింది, యంత్రం ఇంకా పూర్తి కాలేదు.

ఆయుర్వేద రసశాస్త్రం తెలిసినవాళ్లకు ఈ వర్ణన చదవగానే డమరుయంత్రం గుర్తుకొస్తుంది. రెండు కుండలను మూతికి మూతి ఆనించి, అతుకు దగ్గర గుడ్డా మట్టీ చుట్టి, కింది కుండను వేడిచేస్తారు. పై కుండ మీద తడిగుడ్డ కప్పుతారు. హింగుళం, అంటే ఇంగిలీకం, నుంచి లేచిన పాదరసం పై కుండ లోపల అంటుకుంటుంది. పోలిక ఇంత దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని తేల్చలేం. ఇంగిలీకం నుంచి పాదరసం తీయాలనుకున్న ఎవరికైనా మూసిన కుండ, చల్లటి మూత తప్పవు. పాదరసం సుమారు 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కాబట్టి, మామూలు గాలికి చల్లబడిన మూత కూడా దాన్ని పట్టేయగలదు. ఈ అంకె తర్వాత కథకు కూడా ముఖ్యం.

మరియ గొట్టాలు, పిండి ముద్ద

పూర్తి యంత్రం కనిపించేది ఈజిప్టులో రాసిన గ్రీకు పుస్తకాల్లో. పనోపొలిస్ ఊరికి చెందిన జోసిమస్ క్రీస్తుశకం 300 ప్రాంతంలో రాస్తూ, తనకన్నా ముందున్న మరియ అనే యూదు స్త్రీ చెప్పిన పద్ధతులను ఉటంకించాడు. ఆమె వర్ణించిన వాటిలో ‘ట్రిబికోస్’ ఒకటి. మధ్యలో వేడిచేసే పాత్ర, దాని మీద రాగి మూత, మూత నుంచి మూడు గొట్టాలు, ఒక్కో గొట్టం కింద ఒక్కో సీసా. ఆమె సూచనలు చేతిపని తెలిసిన మనిషివి. గొట్టాల రాగి రేకు మిఠాయి చేసేవాళ్ల పెనం రేకు కన్నా కొంచెం మందంగా ఉండాలట. పొడవు ఒకటిన్నర మూర ఉండాలట. కీళ్లను పిండి ముద్దతో మూయాలట.

ఆ పిండి ముద్ద తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. దమ్ బిర్యానీ హండీ మూతకు చుట్టూ గోధుమపిండి పెట్టేదీ అందుకే, ఆవిరి బయటికి పోకూడదని. ఇలాంటి కీళ్ల దగ్గరే స్వేదనం బాగుపడటమో పాడవడమో జరిగేది. ఆవిరి జారిపోతే సరుకు పోయినట్టే. మండే సరుకైతే ప్రాణానికే ముప్పు.

ఇక్కడ ఒక అయోమయం తీర్చుకోవాలి. ట్రిబికోస్‌లో ఉన్న ‘బికోస్’కు జాడీ అని అర్థం. ఆంబిక్స్‌తో ధ్వని కలిసినా అది వేరే మాట. మరియ పేరు మాత్రం మరోచోట నిలిచిపోయింది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి సన్నగా వేడిచేసే పద్ధతిని ఫ్రెంచి వంటవాళ్లు ఇప్పటికీ ‘బాఁ మరీ’, అంటే మరియ స్నానం అంటారు.

సొరబుర్ర మీద అంబీఖ్

8, 9 శతాబ్దాల్లో గ్రీకు వైద్య, విజ్ఞాన గ్రంథాలు అరబ్బీలోకి వచ్చాయి. డయోస్కొరిడీస్ పుస్తకం 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అనువాదమైంది. ఆంబిక్స్ అరబ్బీలో ‘అంబీఖ్’ అయింది. రాతలో ‘న్’ ఉంటుంది, తర్వాత ‘బ’ రావడంతో పలికేటప్పుడు ‘మ్’ అవుతుంది. తెలుగు సున్నా ‘బ’ ముందు ‘మ్’గా పలికినట్టే.

అరబ్బీ రచయితలు పేరును మోసి ఊరుకోలేదు. పరికరాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కోదానికి పేరు పెట్టి, ఒక్కోదాని పని ఏమిటో రాశారు. రే నగరానికి చెందిన వైద్యుడు అల్-రాజీ (సుమారు 865–925) రాతల్లో కింద మరిగించే పాత్ర ‘ఖర’, పైన మూత ‘అంబీఖ్’, చుక్కలు పట్టేది ‘ఖాబిలా’. ముక్కు లేని మూతను ‘గుడ్డి అంబీఖ్’ అన్నారు. అదే ఆవిరి మళ్లీ మళ్లీ పైకి వెళ్లి కిందికి దిగాల్సిన పనులకు అది వాడేవారు. ‘ఖర’ అంటే సొరకాయ. కింద ఉబ్బుగా, పైన సన్నని మెడతో ఉన్న పాత్రకు ఇంతకన్నా సరైన పేరు దొరకడం కష్టం. తెలుగు ఊళ్లలో సొరబుర్రను నీళ్లకు, కల్లుకు వాడినవాళ్లకు ఆ ఆకారం విడమర్చి చెప్పక్కర్లేదు. లాటిన్‌లోకి తర్జుమా చేసినవాళ్లు ‘ఖర’ను ‘కుకుర్బిటా’ అన్నారు. దానికి అర్థం కూడా సొరకాయే.

గమనించాల్సిన తేడా ఇది. కింది పాత్ర పేరును అనువదించారు, పై మూత పేరును మాత్రం ధ్వనితో సహా అలాగే ఉంచేశారు. సొరకాయ అందరికీ తెలుసు, దానికి ప్రతి భాషలో మాట ఉంది. లోపల కాలువ, బయట ముక్కు ఉన్న మూత మాత్రం ఎవరి వంటింట్లోనూ లేదు. తెలియని వస్తువు తన పేరును వెంట తెచ్చుకుంటుంది.

ఆ రోజుల్లో ఈ యంత్రంతో పెద్దఎత్తున తీసిన సరుకు గులాబీ నీరు. పర్షియాలోని జూర్ పట్నం గులాబీ నీటికి పేరుమోసింది, అక్కడి నుంచి ఇండియా, చైనా దాకా ఎగుమతి అయ్యేది. పెళ్లిపందిట్లో అతిథుల మీద చిలకరించే పన్నీరు ఆ కుటుంబానికి చెందినదే.

‘అల్’ ఉందా, లేదా

అరబ్బీలో ‘అల్’ అనేది మాట ముందు చేర్చే చిన్న నిర్దేశకం, మాటలో భాగం కాదు. స్పెయిన్‌లో అరబ్బీ విని నేర్చుకున్నవాళ్లకు ఆ తేడా పట్టలేదు. ఆల్జీబ్రా, ఆల్కలీ, ఆల్కెమీ, ఆల్కహాల్ అన్నీ అలా ‘అల్’తో కలిపే అటు వెళ్లాయి. అల్-అంబీఖ్ కూడా స్పానిష్, పోర్చుగీసుల్లో ‘అలాంబికే’, ఫ్రెంచిలో ‘అలాంబిక్’, ఇంగ్లిష్‌లో ‘అలెంబిక్’ అయింది.

తుర్కీ దీన్ని ‘ఇంబిక్’ అంటుంది. పర్షియన్, ఉర్దూల్లో అంబీఖ్. వీటిలో ‘అల్’ లేదు, ఎందుకంటే ఆ భాషల పండితులకు అరబ్బీ వ్యాకరణం బాగా తెలుసు. ఏది మాటో, ఏది అతుకో విడదీయగలరు. కాబట్టి ఏ భాషలోనైనా ఈ మాట కనిపిస్తే ముందు ‘అల్’ కోసం వెతకాలి. ఉంటే పడమటి దారిన వచ్చినట్టు, లేకపోతే దాదాపుగా తూర్పు దారిన వచ్చినట్టు.

దాదాపుగా అనడానికి కారణం ఉంది. ‘అల్’ తీసుకున్న భాషలు కొన్ని తర్వాత అందులో ముక్కను పోగొట్టుకున్నాయి. ఇటాలియన్‌లో అది ‘లాంబిక్కో’. ఇంగ్లిష్‌లో కొంతకాలం ‘లింబెక్’ అని వాడారు, షేక్‌స్పియర్ మాక్బెత్‌లో ఉన్నది ఆ రూపమే. ముందున్న ‘అ’ను వేరే మాటగా భావించి వదిలేస్తే ‘ల’తో మొదలయ్యే రూపం మిగులుతుంది. ఆ ‘ల’ మాత్రం ‘అల్’ గుర్తే. జపాన్‌లోని ‘రాంబికి’ కూడా ఇలాంటిదే. పోర్చుగీసు అలాంబికే జపాన్ చేరి, ‘అ’ పోయి, ‘ల’ కాస్తా ‘ర’ అయింది. రాసేటప్పుడు జపనీయులు మొదటి అక్షరానికి హాలండ్‌ను సూచించే చిత్రలిపి వాడారు. అప్పట్లో వాళ్లకు పాశ్చాత్య వైద్యం అంటే డచ్చివాళ్ల వైద్యమే. అలా అరబ్బీ వ్యాకరణంలోని ఒక ముక్క జపాన్‌లో హాలండ్ దేశం పేరై కూర్చుంది.

బెల్జియంలోని ‘లాంబిక్’ బీరును కూడా కొందరు ఈ జాబితాలో చేరుస్తారు. అది అక్కడి లెంబీక్ అనే ఊరి పేరు నుంచి వచ్చిందన్న వాదనా ఉంది, కాబట్టి దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

చల్లార్చే చోటు మారింది

పాత అంబీఖ్ బలహీనత దాని చల్లదనంలో ఉంది. మూతను చల్లబరిచేది ఎక్కువగా గాలే. పాదరసానికి అది చాలు. నీటికీ, పూల నీటికీ కూడా ఎలాగోలా చాలు. ఆల్కహాల్‌కు చాలదు. ఇథనాల్ 78.4 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కొంతసేపటికి మూతే అంత వేడెక్కి, ఆవిరి ద్రవంగా మారకుండా ముక్కులోంచి జారిపోతుంది. యంత్రం శతాబ్దాలుగా ఉన్నా గాఢమైన మద్యం అంత ఆలస్యంగా రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

వైన్ నుంచి ‘మండే నీటి’ని తీసే పద్ధతులు యూరప్ రాతల్లో 12వ శతాబ్దం నుంచి కనిపిస్తాయి. 13వ శతాబ్దంలో బొలోన్యా వైద్యుడు తద్దెయో అల్దెరొత్తి పాములా మెలికలు తిరిగిన గొట్టాన్ని చన్నీళ్లలో ముంచి ఉంచే ఏర్పాటును వివరించాడు. దాంతో చల్లబరిచే పని మూత నుంచి గొట్టానికి మారింది. మూత ఇక ఆవిరిని పక్కకు మళ్లించే దారి మాత్రమే. లోపలి కాలువ కూడా క్రమంగా అవసరం లేకుండా పోయింది.

అంటే ఆంబిక్స్ ఏ ప్రత్యేకత వల్ల పేరు పొందిందో ఆ ప్రత్యేకత పోయింది. పేరు పోలేదు. మూత పేరు మొత్తం యంత్రానికి విస్తరించింది. ఫ్రాన్స్‌లో కోన్యాక్ బ్రాందీని ఈ రోజుకీ రాగి అలాంబిక్‌లో రెండుసార్లు కాయాలన్న నియమం ఉంది. బ్రెజిల్‌లో చెరకు మద్యం కషాసా రెండు రకాలుగా దొరుకుతుంది. రాగి బట్టీలో తీసిన దాన్ని ‘అలాంబికే కషాసా’ అని విడిగా చెప్పి అమ్ముతారు.

ఫ్యాక్టరీలకు వేరే యంత్రం వచ్చింది. 1830లో డబ్లిన్‌కు చెందిన ఈనియస్ కాఫీ పేటెంట్ తీసుకున్న నిలువు స్తంభంలో ద్రవం పైనుంచి, నీటి ఆవిరి కిందినుంచి ఎదురెదురుగా వెళ్తాయి. బట్టీ దించి మళ్లీ నింపే పని లేదు, సరుకు ఆగకుండా వస్తూ ఉంటుంది. ప్రయోగశాలల్లో ముందు ఒకే ముక్కగా ఊదిన గాజు రిటార్ట్ (వంగిన మెడ ఉన్న బుడ్డి), తర్వాత నీళ్ల గొట్టపు కండెన్సర్ చోటు తీసుకున్నాయి. ఇంగ్లిష్‌లో పనిముట్టుకు ‘స్టిల్’ అన్న మాట స్థిరపడి, అలెంబిక్ పుస్తకాల మాటగా మిగిలింది.

కప్పు, చుక్క, చెమట

ఒకే పనికి వేర్వేరు భాషలు పెట్టుకున్న పేర్లను పక్కపక్కన పెడితే ఒక్కొక్కరి చూపు ఎక్కడ పడిందో తెలుస్తుంది. గ్రీకు పాత్రను చూసింది. లాటిన్ చుక్కను చూసింది. డిస్టిలేషన్‌లో ఉన్న ‘స్టిల్లా’ అంటే చుక్క. తెలుగులోనూ తాగుడును ‘చుక్క’ అనడం ఉంది.

అరబ్బీ చెమటను చూసింది. ‘అరఖ్’ అంటే చెమట. పాత్ర గోడల మీద చెమర్చి దిగే ద్రవానికి అదే పేరైంది. తుర్కీ రాకీ, బాల్కన్ దేశాల రాకియా, మంగోలియా అర్ఖీ, శ్రీలంక అరక్, గోవాలో జీడిమామిడి పండ్ల రసంతో మొదటిసారి కాచిన ఉర్రాక్ ఈ కుటుంబంలోనివే. తెలుగు పాఠ్యపుస్తకాలు డిస్టిలేషన్‌కు వాడే ‘స్వేదనం’లో ఉన్న స్వేదం కూడా చెమటే. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెలుగులో స్వేదన జలం, అక్షరాలా చెమట నీరు.

అరఖ్, అంబీఖ్ రెండూ అరబ్బీ నుంచే బయల్దేరాయి, కానీ తిరిగిన చోట్లు వేరు. అరఖ్ తాగేవాళ్లతో, అమ్మేవాళ్లతో తిరిగి రేవు పట్నాలన్నిటికీ చేరింది. తూర్పున అంబీఖ్ ఎక్కువగా వైద్యుల చేతిలో ఉండిపోయింది. జపాన్ దీనికి మంచి ఉదాహరణ. బియ్యం నుంచి కాచే షోచూ మద్యం అక్కడ ముందే ఉంది, 1559లో ఒక గుడి చెక్క మీద పనివాళ్లు గీసిన రాతలో దాని ప్రస్తావన ఉంది. రాంబికి అన్న పేరు మాత్రం మూడు అంతస్తుల చిన్న పింగాణీ పరికరానికి వచ్చింది. కింది గిన్నెలో మూలికలు, పై గిన్నెలో చన్నీళ్లు, మధ్య అంతస్తుకు ఉన్న ముక్కులోంచి సారం. దాన్ని వాడింది వైద్యులు, సుగంధ జలాలు చేసేవాళ్లు.

మాటకు అర్థం సాగిన తీరు కూడా చెప్పుకోవాలి. ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో శైలిని ‘అలాంబిక్ చేసినట్టుంది’ అంటే మెలికలు ఎక్కువై కృతకంగా ఉందని. ఇటాలియన్‌లో బుర్రను లాంబిక్కోలో పెట్టడం అంటే బుర్ర బద్దలు కొట్టుకోవడం. తుర్కీలో మాత్రం ‘ఇంబిక్‌లోంచి దిగింది’ అంటే చక్కగా వడగట్టిన, పరిణతి ఉన్న మాట అని మెచ్చుకోలు. అదే పాత్ర ఒకచోట వంకర ముక్కుగా, ఇంకోచోట వడపోతగా కనిపించింది.

కంప్యూటర్ మనుషులు తీసుకున్నది తుర్కీవాళ్ల అర్థానికి దగ్గరగా ఉంది. 2011లో సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్, ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ కలిసి విడుదల చేసిన అలెంబిక్ ఫైల్, యానిమేషన్ వెనక ఉన్న లెక్కలన్నీ వదిలేసి చివరి ఆకారాలను మాత్రమే దాచుతుంది. చెత్తంతా కుండలో, సారం సీసాలో అన్నమాట. పైథాన్ టూల్‌కు ఆ పేరు రావడానికి కారణం అది ‘ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ’ అనే సాఫ్ట్‌వేర్‌కు తోడు కావడం. రసవాదం ఉన్నచోట అలెంబిక్ ఉండాలి కదా. చరిత్రకారులు మూల రూపాన్నే ఎంచుకున్నారు. రసవాదం, రసాయనశాస్త్రాల చరిత్ర మీద 1937 నుంచి ఇంగ్లండ్‌లో వస్తున్న పత్రిక పేరు ‘ఆంబిక్స్’.

తెలుగు నేల మీద

తెలుగులోకి ఈ మాట రాకపోవడానికి కారణం ఇక్కడ స్వేదనం తెలియకపోవడం కాదు. తక్షశిల తవ్వకాల్లో దొరికిన మట్టిపాత్రల భాగాలను కలిపి పురావస్తు పండితుడు జాన్ మార్షల్ ఒక స్వేదన యంత్రాన్ని పునర్నిర్మించాడు. వాటినీ ఇప్పటి పాకిస్తాన్‌లోని షైఖాన్ ఢేరీలో దొరికిన పాత్రలనూ ఆధారం చేసుకుని, స్వేదనానికి పుట్టిల్లు భారతదేశమే కావచ్చని పురావస్తు పండితుడు ఆల్చిన్ 1979లో వాదించాడు. ఆ పాత్రల వాడకం మీద, కాలం మీద అభ్యంతరాలు చెప్పినవాళ్లూ ఉన్నారు, కాబట్టి దాన్ని తేలిన విషయంగా చూపలేం. సంస్కృతంలో ‘శుండ’ అంటే ఏనుగు తొండం, మద్యం కూడా. మద్యం అమ్మేవాడు ‘శౌండికుడు’. తలలోంచి వంగి దిగే గొట్టాన్ని తొండంతో పోల్చడం వల్లే ఈ రెండు అర్థాలు కలిశాయని ఒక ఊహ.

ఇక్కడి యంత్రాలు చల్లార్చే చోటు విషయంలోనే గ్రీకు ఆంబిక్స్ నుంచి వేరుపడతాయి. కనౌజ్ అత్తర్ల బట్టీలో ‘దేగ్’ అనే రాగి కుండలో పూలు, నీళ్లు వేసి మట్టితో మూత బిగిస్తారు. తాడు చుట్టిన వెదురు గొట్టం ఆవిరిని ‘భప్కా’కు తీసుకెళ్తుంది. భప్కా నీళ్ల తొట్టిలో కూర్చుని ఉంటుంది, ఆవిరి చల్లారేది అక్కడే. ఇప్పపువ్వు సారా కాచే ఆదివాసీ ఊళ్లలో కనిపించే ఇంకో పద్ధతిలో కుండల దొంతర మీద చన్నీళ్ల గిన్నె పెడతారు. దాని అడుగున చెమర్చిన చుక్కలు లోపలి పాత్రలో పడతాయి. రెండింటిలోనూ అంచుకు కాలువ ఉన్న మూత లేదు. వస్తువే రానప్పుడు దాని పేరుకు ఇక్కడ పని లేకపోయింది. పనివాళ్ల నోట ముందునుంచీ బట్టీ, ఊట, కాపు లాంటి సొంత మాటలు ఉన్నాయి. ‘బెల్లం ఊట ధ్వంసం’ అన్న వార్తాపత్రిక శీర్షికకు గ్రీకు, అరబ్బీల సాయం అక్కర్లేదు.

హైదరాబాద్ కథ మాత్రం వేరు. యునానీ వైద్యంలో మందుల ఒక తరగతి పేరే ‘అర్ఖ్’. సోంపు అర్ఖ్, గులాబీ అర్ఖ్ ఇవన్నీ స్వేదనంతో తీసినవే. వాటిని తీయడానికి ఆ శాస్త్రం చెప్పే పద్ధతుల్లో ఒకటి ‘నల్ భప్కా’, ఇది ఇక్కడి పాత్ర, ఇక్కడి పేరు. రెండోది ‘ఖరా అంబీఖ్’. మూడోది ‘హమ్మామ్-ఎ-మారియా’, వేడినీళ్ల గిన్నెలో పాత్ర పెట్టే పద్ధతి, పైన చెప్పుకున్న మరియ స్నానమే. యునానీ అన్న మాటకు అర్థం కూడా ‘గ్రీకు’ అనే.

వడోదరలో 1907లో మొదలైన అలెంబిక్ కెమికల్ వర్క్స్ తన పేరును ఇంగ్లిష్ నుంచి తీసుకుంది, అందుకే దాని ముందు ‘అల్’ ఉంది. ఆ కంపెనీ మాత్రలు అమ్మే మందుల షాపులు చార్మినార్ చుట్టుపక్కలా ఉన్నాయి. అక్కడే నిజాంల కాలం నాటి యునానీ దవాఖానా ఉంది, దాని శాస్త్రంలోని అంబీఖ్‌కు ‘అల్’ లేదు. ఒకటి స్పెయిన్‌లోని టొలేడో, లండన్, వడోదరల మీదుగా వచ్చిన మాట. ఇంకోటి బాగ్దాద్, పర్షియా, ఢిల్లీల మీదుగా వచ్చినది. దాని ముందున్న ‘ఖరా’ ఇంకా సొరకాయే.